వ్యర్థజలాల విషం: చిరుప్రాణుల సాక్ష్యం

కార్ఖానా గేటు దాటి వాగులో కలిసే నీరు విషమా, కాదా? ఈ ప్రశ్నకు మన చట్టం రెండు దారుల్లో జవాబు వెతుకుతుంది. మొదటిది రసాయనాల పట్టిక. బీఓడీ లీటరుకు 30 మిల్లీగ్రాములు మించకూడదు, సీఓడీ 250, రాగి 3, జింకు 5, కాడ్మియం 2... ఇలా ఒక్కోదానికి ఒక్కో హద్దు. రెండోది చేప. పలుచన చేయని వ్యర్థజలంలో చేపలను వదిలి 96 గంటల తర్వాత లెక్కపెడితే నూటికి తొంభై బతికుండాలి. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమాల ఆరో షెడ్యూలులో ఈ రెండూ ఉన్నాయి. ఈ రెండిటిలో నెగ్గిన నీటిని మన యంత్రాంగం నిరపాయకరంగానే లెక్కిస్తుంది. ఆ లెక్క తప్పని చెప్పడానికి గత ఎనభై ఏళ్లలో పోగుపడిన ఆధారాలు చాలు. నాలుగు రోజులు చేప చావకపోవడం, పట్టికలోని అంకెలు హద్దుల్లో ఉండటం నీటికి ప్రాణముందనడానికి రుజువులు కావు. ఆ నీటిలో అతి చిన్న ప్రాణి బతికి, పిల్లల్ని కని, ఆ పిల్లలు మళ్లీ పెరగగలుగుతున్నాయా అన్నదే అసలు కొలత. ఆ కొలతను అనుమతి పత్రాల్లోకి తెచ్చేదాకా మన వాగులూ చెరువులూ బాగుపడవన్నది ఈ వ్యాసం వాదన.

ముందు ఆ ప్రాణులెవరో చూద్దాం. కంటికి ఆనీ ఆనకుండా ఈదే డాఫ్నియా, మొయినా, కోపిపాడ్‌లు. అంతకన్నా చిన్నవైన రోటిఫర్లు. వీటికి మేతయ్యే ఏకకణ శైవలాలు. అడుగు బురదలో ఎర్రగా మెలికలు తిరిగే కైరోనమిడ్ పురుగులు. వీటన్నిటి వ్యర్థాలనూ కళేబరాలనూ జీర్ణం చేసుకునే బాక్టీరియా. కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువుల రైతులకు వీటి విలువ వేరే చెప్పనక్కరలేదు. నీటి రంగు చూసి ప్లాంక్టన్ ఎలా ఉందో అంచనా కడతారు, పలచబడితే ఎరువు వేసి పెంచుతారు. బొచ్చె చేప ముఖ్యంగా బతికేది జంతుప్లవకాల మీదే. రాగండి, మోసు పిల్లలు కూడా గుడ్డు నుంచి బయటపడిన తొలి రోజుల్లో రోటిఫర్లు, చిన్న చిన్న క్రస్టేషియన్లు దొరక్కపోతే బతకవు. కాబట్టి పెద్ద చేప విషానికి తట్టుకున్నా, దాని మేత తట్టుకోకపోతే ఫలితం ఒకటే. ఆకలితో ఒక తరం సన్నగిల్లుతుంది, తర్వాతి తరం రాదు. తీరంలో చచ్చిన చేపలు కనిపించవు గనుక ఫిర్యాదూ ఉండదు, కేసూ ఉండదు. చచ్చి తేలిన చేపల ఫొటో పత్రికల్లో వస్తేనే కాలుష్యం జరిగినట్టు భావించే అలవాటు మనల్ని ఇంతకాలం మోసం చేసింది. అప్పటికి కింది అంచెల్లో జరగాల్సిన నష్టం ఎప్పుడో జరిగిపోయి ఉంటుంది.

ఈ గుంపులో పరిశోధకులు అందరికన్నా ఎక్కువగా నమ్ముకున్నది డాఫ్నియాను. దానికి కారణాలు దాని శరీరంలోనే ఉన్నాయి. పెద్దజాతి డాఫ్నియా మాగ్నా కూడా 5 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఒళ్లంతా పారదర్శకం కావడంతో మామూలు సూక్ష్మదర్శిని కింద గుండె కొట్టుకోవడం, పేగులో పచ్చగా మేత కదలడం, వీపు కింది అరలో పిల్లలు ఎదగడం కనిపిస్తాయి. అనుకూల పరిస్థితుల్లో మగదాని అవసరం లేకుండానే ఆడది ఆడపిల్లల్ని కంటుంది కాబట్టి ప్రయోగశాలలో ఒకే వంశాన్ని ఏళ్ల తరబడి పెంచవచ్చు. కాళ్లతో నీటిని అదేపనిగా వడకట్టుకుంటూ తింటుంది గనుక నీటిలో ఏమున్నా దాని ఒంటికి తగలక తప్పదు. మంచినీటి ప్రాణి ఒంట్లో ఉప్పు ఎక్కువ, బయట తక్కువ. ఆ తేడాను నిలుపుకోవడానికి అది నీటిలోంచి సోడియాన్ని నిరంతరం లాక్కుంటూ ఉండాలి. రాగి, వెండి అయాన్లు సరిగ్గా ఆ దారికే అడ్డుపడతాయి. పెంకు విడిచిన ప్రతిసారీ కొత్త పెంకుకు కాల్షియం కావాలి, కాడ్మియం వచ్చి ఆ కాల్షియం ద్వారంలో దూరుతుంది. చేపకూ ఇవే ద్వారాలున్నాయి. కాకపోతే డాఫ్నియా అంత చిన్న ఒంటికి నీటిని తాకే ఉపరితలం ఎక్కువ, నిల్వలు తక్కువ, అందుకే దెబ్బ ముందుగా, గట్టిగా తగులుతుంది.

పారిశ్రామిక వ్యర్థాల్లోని పదార్థాలను డాఫ్నియా మీద వరుసగా పరీక్షించి హద్దులు ప్రకటించిన తొలి పెద్ద పని అమెరికాలో బెర్టిల్ ఆండర్సన్‌ది. 1944లో మురుగునీటి ఇంజినీర్ల పత్రికలోనే అది అచ్చయింది. అంటే ఈ విద్య ఆదినుంచీ ఫ్యాక్టరీల కోసం పుట్టిందే. నేటి అంతర్జాతీయ ప్రామాణిక పద్ధతి కూడా అంతే సరళం. పుట్టి 24 గంటలు దాటని పిల్లల్ని గాజు పాత్రల్లో అయిదేసి చొప్పున వేస్తారు. ఒక్కో గాఢతకు కనీసం ఇరవై పిల్లలు, ఒక్కో దానికి కనీసం 2 మిల్లీలీటర్ల నీరు. వ్యర్థజలాన్ని శుభ్రమైన నీటితో మెట్లు మెట్లుగా పలుచన చేసి, 24 గంటలకు ఒకసారి, 48 గంటలకు ఒకసారి చూస్తారు. పాత్రను మెల్లగా కదిపాక 15 సెకన్లలో ఈదని పిల్లను కదలలేనిదిగా లెక్కిస్తారు. సగం పిల్లలు కదలకుండా పోయే గాఢతే ఆ నీటి విషప్రమాణం. దీనికి తోడు 21 రోజుల పరీక్ష ఇంకొకటి ఉంది. అందులో తల్లి బతికిందా అన్నదానితో పాటు ఎంతమంది పిల్లల్ని కన్నదీ లెక్కిస్తారు. మొదటిది చావును కొలిస్తే రెండోది వంశాన్ని కొలుస్తుంది. రెండిటి మధ్య ఎంత దూరముందో తెలిస్తేనే మన చట్టంలోని లోపం అర్థమవుతుంది.

1972లో బీసింగర్, క్రిస్టెన్‌సెన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు సుపీరియర్ సరస్సు నీటితో చేసిన ప్రయోగాలు ఈ రంగంలో నేటికీ మూలస్తంభాలే. కాడ్మియం లీటరుకు 65 మైక్రోగ్రాములుంటే 48 గంటల్లో సగం డాఫ్నియాలు చచ్చాయి. అదే మూడు వారాలు ఉంచితే 5 మైక్రోగ్రాములకే సగం పోయాయి. పిల్లల సంఖ్య 16 శాతం తగ్గడానికి 0.17 మైక్రోగ్రామే చాలింది. ఇప్పుడు మన సాధారణ ప్రమాణం చూడండి. లోతట్టు నీటివనరుల్లోకి వదిలే వ్యర్థజలంలో కాడ్మియం లీటరుకు 2 మిల్లీగ్రాములదాకా, అంటే 2,000 మైక్రోగ్రాములదాకా ఉండవచ్చు. రెండు రోజుల్లో సగాన్ని చంపే మోతాదుకు అది ముప్పై రెట్లు. పిల్లలు తగ్గే మోతాదుకు పదివేల రెట్లకు పైమాటే. రాగి విషయంలో, మేత అందుతున్న డాఫ్నియాల్లో సగాన్ని 48 గంటల్లో చంపింది 60 మైక్రోగ్రాములు, మేత లేనివాటిని చంపింది 9.8 మైక్రోగ్రాములు. మన హద్దు 3,000. జింకుకు 280 మైక్రోగ్రాముల దగ్గర సగం పోయాయి, మన హద్దు 5,000. ఈ అంకెలేవీ రహస్యం కావు. ఆరో షెడ్యూలు రాసేనాటికే అచ్చులో ఉన్నవి.

దీనికి వెంటనే వచ్చే జవాబు పలుచన. అవి గేటు దగ్గర హద్దులు, నదిలో కలిశాక పదింతలో వందింతలో పలుచబడతాయి కదా అంటారు. ఏడాది పొడుగునా నిండుగా పారే నదికి ఈ మాట కొంతవరకు చెల్లుతుంది. దక్కను పీఠభూమి మీది వాగులు అలాంటివి కావు. వానలు వెనకబడ్డాక వాటిలో సొంత నీరు ఉండదు. పారిశ్రామికవాడ దిగువన జనవరి నుంచి మే దాకా వాగులో ఏదైనా పారుతోందంటే అది చాలాచోట్ల మురుగు, వ్యర్థజలమే. పలుచన చేయడానికి నీరే లేనప్పుడు పలుచన లెక్క మీద రాసిన హద్దు ఎవరిని కాపాడుతుంది? చెరువుల సంగతి ఇంకా కష్టం. వాటిలో చేరిన లోహం బయటికి పోయే దారి లేదు. నీరు ఆవిరైతే గాఢత పెరుగుతుంది, మిగిలినది బురదలో స్థిరపడి వచ్చే ఏడాదికి నిల్వవుతుంది.

మరో అభ్యంతరం ఇంతకన్నా బలమైనది, న్యాయమైనది కూడా. సుపీరియర్ సరస్సు నీరు మెత్తనిది, కాఠిన్యం లీటరుకు 45 మిల్లీగ్రాముల దరిదాపు. మన నీటిలో కాల్షియం, మెగ్నీషియం చాలా ఎక్కువ, అవి లోహాలతో పోటీపడి ప్రాణిని కొంత కాపాడతాయి. కుళ్లిన ఆకులలముల నుంచి వచ్చే సేంద్రియ పదార్థం కూడా రాగిని పట్టుకుని దాని కోర పీకేస్తుంది. ఇదంతా నిజం. కాఠిన్యం పదింతలైతే రాగికి తట్టుకునే శక్తి సుమారు ఎనిమిది, తొమ్మిది రెట్లు పెరుగుతుందని అమెరికా పర్యావరణ సంస్థ వాడిన సూత్రం చెబుతుంది. అలా సవరించుకున్నా 60 మైక్రోగ్రాములు 500 పైచిలుకు అవుతాయి, 3,000 కావు. పైగా ఆ ఊరట రాగి, కాడ్మియం లాంటి లోహాలకే తప్ప పురుగుమందులకూ ద్రావణులకూ ఔషధాలకూ వర్తించదు. స్థానిక నీటి గుణం లెక్కలోకి రావాలంటే చేయాల్సింది ఒక్కటే. ఆ వాగు నీటితోనే పలుచన చేసి పరీక్షించాలి. ఈ అభ్యంతరం అంతిమంగా జీవపరీక్షకే మద్దతు పలుకుతోంది.

మనిషి తాగడానికి పనికొచ్చే నీటికన్నా ఎక్కువ శుభ్రత వాగుకెందుకు అని అడిగేవారూ ఉంటారు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. భారతీయ తాగునీటి ప్రమాణం రాగికి పెట్టిన వాంఛనీయ హద్దు లీటరుకు 50 మైక్రోగ్రాములు. మనిషికి అది ఏ హానీ చేయదు, డాఫ్నియాకు మాత్రం ప్రాణాంతకపు అంచు. దాని ఒంట్లో మనకున్నలాంటి కాలేయం లేదు, మనం నీటిలో రాత్రింబవళ్లు నివసించం. అందుకే మనిషికి పెట్టిన హద్దులతో వాగును కొలవకూడదు.

రసాయన పట్టికలో అతి ఎక్కువగా వాడే బీఓడీ, సీఓడీ అంకెలు అసలు విషాన్ని కొలిచేవే కావు. నీటిలోని సేంద్రియ పదార్థాన్ని కుళ్లించడానికి బాక్టీరియాకు ఎంత ప్రాణవాయువు కావాలో బీఓడీ చెబుతుంది. మన దేశంలో దాన్ని 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచి చూస్తారు. అదే పనిని గాఢమైన రసాయనంతో చేయించి సీఓడీ లెక్కిస్తారు. పాల డెయిరీ వ్యర్థానికి సీఓడీ భారీగా ఉంటుంది, అది ప్రాణవాయువును హరిస్తుంది గానీ దానిలో విషమేమీ లేదు. లీటరుకు అర మిల్లీగ్రాము రాగి సీఓడీ అంకెను ఇసుమంతైనా కదల్చదు, కానీ వాగులోని క్రస్టేషియన్లను తుడిచిపెట్టగలదు. ఇంతకన్నా ప్రమాదకరమైన సంగతి ఇంకొకటి ఉంది. వ్యర్థజలం బాగా విషపూరితమైతే పరీక్ష సీసాలోని బాక్టీరియానే అది చంపుతుంది. బాక్టీరియా పనిచేయలేదు గనుక ప్రాణవాయువు ఖర్చు కాదు, బీఓడీ తక్కువగా వస్తుంది. విషం ఎక్కువైన కొద్దీ నీరు శుభ్రంగా కనబడే ఈ పరిస్థితి ప్రయోగశాలల్లో పనిచేసేవారందరికీ తెలిసినదే. 2014లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఎక్కువ కాలుష్యం చేసే 17 రకాల పరిశ్రమలకు ఆన్‌లైన్ పర్యవేక్షణ యంత్రాలు పెట్టమని ఆదేశించింది. మంచి పనే. అయితే ఆ యంత్రాలు వ్యర్థజలంలో చూసేది ముఖ్యంగా పీహెచ్, బీఓడీ, సీఓడీ, ఘనపదార్థాలు, ప్రవాహమే. విషం అన్న గడి ఆ తెరమీద లేదు.

విడివిడి హద్దుల పట్టికకు మరో జబ్బు కూడా ఉంది. అది మిశ్రమాన్ని చూడదు. రాగి హద్దులో సగం, జింకు సగం, ఫినాల్ సగం, అమ్మోనియా సగం ఉంటే పట్టిక ప్రకారం అన్నీ పాసే. ప్రాణి ఒంట్లో అవన్నీ కలిసి పనిచేస్తాయి, ఒకే దారిన దెబ్బతీసేవైతే వాటి బలాలు కూడుకుంటాయి. అమ్మోనియా ఉదాహరణ మరీ నేర్పుతుంది. నీటిలో అది రెండు రూపాల్లో ఉంటుంది. అయాన్ రూపం అంత చెడ్డది కాదు, వాయురూపమే విషం. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే మొత్తంలో వాయురూపం 1 శాతం కన్నా తక్కువ, పీహెచ్ 9 అయితే 36 శాతం దాకా. పచ్చగా నాచు పట్టిన చెరువులో మధ్యాహ్నం ఎండకు శైవలాలు బొగ్గుపులుసు వాయువును లాగేయడంతో పీహెచ్ తొమ్మిదికి ఎగబాకడం మామూలే. పొద్దున గేటు దగ్గర తీసిన నమూనా పాసైన నీరే మధ్యాహ్నానికి చెరువులో చంపే నీరవుతుంది. ఏ పట్టికా దీన్ని పట్టుకోలేదు.

ఇక మన ఇంటి ముంగిటి కథకు వద్దాం. హైదరాబాద్‌లో ప్రభుత్వ రంగ ఔషధ సంస్థ ఐడీపీఎల్ వేసిన విత్తనంతో బల్క్ డ్రగ్ పరిశ్రమ పెరిగింది, పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతం దానికి కేంద్రమైంది. ఇస్కవాగు నక్కవాగులో, నక్కవాగు మంజీరలో, మంజీర గోదావరిలో కలుస్తాయి. ఈ కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. 2009లో కేంద్ర మండలి లెక్కగట్టిన కాలుష్య సూచీలో పటాన్‌చెరు, బొల్లారం, విశాఖపట్నం తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాకెక్కాయి. వీటన్నిటి మధ్య 2007లో స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్ బృందం ఒక పరిశోధన ప్రచురించింది. సుమారు 90 ఔషధ కంపెనీల వ్యర్థజలాన్ని అందుకునే పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి, శుద్ధి అయ్యాక బయటికొచ్చే నీటిని వారు పరీక్షించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 28 నుంచి 31 మిల్లీగ్రాములు తేలింది. రోజుకు సుమారు 45 కిలోల మందు ఆ నీటితో పోతోందనీ, అది స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో వాడే మొత్తానికి సమానమనీ వారు లెక్కగట్టారు. రెండేళ్ల తర్వాత అదే ప్రాంతపు రెండు చెరువుల్లో కూడా ఈ మందు దొరికింది, ఒకదానిలో లీటరుకు 6.5 మిల్లీగ్రాముల దాకా.

ఇప్పుడు ఈ ఒక్క మందునే పట్టుకుని చేప పరీక్షను నిలదీద్దాం. 2000లో డెన్మార్క్ పరిశోధకులు సిప్రోఫ్లాక్సాసిన్‌ను వేర్వేరు ప్రాణుల మీద ప్రయోగించారు. లీటరుకు 100 మిల్లీగ్రాముల దగ్గర కూడా జీబ్రా చేపకు ఏమీ కాలేదు. 60 మిల్లీగ్రాముల దగ్గర డాఫ్నియాకు ఏమీ కాలేదు. ఆకుపచ్చ శైవలం ఎదుగుదల సగానికి పడిపోవడానికి 3 మిల్లీగ్రాములు కావలసివచ్చాయి. శుద్ధి కేంద్రాల బురదలోని బాక్టీరియా 0.61 మిల్లీగ్రాము దగ్గరే సగం చచ్చుబడింది. మైక్రోసిస్టిస్ అనే నీలి ఆకుపచ్చ శైవలానికి 0.005 మిల్లీగ్రాము చాలింది. అంటే 31 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్న నీటిలో, ఆ మందు వరకు చూస్తే, చేప నాలుగు రోజులూ హాయిగా ఈదుతుంది, పరీక్ష పాసవుతుంది. ఆ నీటిలోని గాఢత మాత్రం మైక్రోసిస్టిస్ ఎదుగుదలను సగానికి తగ్గించే మోతాదుకు ఆరువేల రెట్లు. డాఫ్నియా ఒక్కటే ఉన్నా ఇక్కడ మోసపోయేవాళ్లమే. అందుకే ఏ ఒక్క ప్రాణినీ న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టకూడదు. బాక్టీరియా లేదా శైవలం ఒకటి, క్రస్టేషియన్ ఒకటి, చేప పిండం ఒకటి, ఈ మూడు అంచెలూ కలిస్తేనే తీర్పు నిలబడుతుంది. ఇంకో మాట. శుద్ధి కేంద్రం పనిచేసేదే బాక్టీరియా మీద ఆధారపడి. ఆ బాక్టీరియాను సగం పడగొట్టే మోతాదుకు యాభై రెట్లు మందు బయటికే వస్తోందంటే లోపల జీవశుద్ధి ఎంత కుంటుతోందో ఊహించవచ్చు. చిరుప్రాణుల విషం పర్యావరణ ప్రేమికుల గోల మాత్రమే అనుకునే యాజమాన్యాలు ఈ ఒక్క సంగతైనా ఆలోచించాలి. కాపాడవలసిన మొదటి చిరుప్రాణులు వారి ట్యాంకుల్లోనే ఉన్నాయి.

పటాన్‌చెరు కేంద్రం శుద్ధి చేసిన నీటిని 2009లో స్వీడన్ పరిశోధకులే జీబ్రా చేప పిండాల మీద, కప్ప తోకపిల్లల మీద పరీక్షించారు. వ్యర్థజలం 0.2 శాతం మాత్రమే కలిపిన నీటిలో, అంటే అయిదువందల లీటర్లకు ఒక లీటరు చొప్పున కలిపినా, తోకపిల్లల ఎదుగుదల 40 శాతం తగ్గింది. పరీక్షించినవాటిలో అదే అతి తక్కువ గాఢత, ఇంకా పలుచన చేస్తే ఎక్కడ ఆగేదో ఆ ప్రయోగం చెప్పలేదు. ఇందులో ఏ మందు, ఏ ఉప్పు, ఏ ద్రావణి ఈ పని చేసింది అని అడిగితే ఫలానాదని వేలెత్తి చూపలేం. దీన్ని పరిశ్రమ తరఫువారు బలహీనతగా చెబుతారు, కారణం తేలనిదే బాధ్యత ఎలా అంటారు. వందల పదార్థాలు కలిసి వచ్చే నీటిలో ప్రతిదాన్నీ గుర్తించి, ప్రతిదానికీ హద్దు పెట్టి, ప్రతి జంటకూ ఉమ్మడి ప్రభావం తేల్చేదాకా ఆగితే ఆ పని ఎన్నటికీ పూర్తికాదు. మొత్తం నీటిని మొత్తంగా ప్రాణి ముందు పెట్టడమే న్యాయమైన పద్ధతి. విషమని తేలాక దానిలో దోషి ఎవరో వెతకడం ఆ నీటిని వదిలిన వారి పని.

ఆ వెతుకులాటకు కూడా పద్ధతి ఉంది, అది ఖరీదైనదేమీ కాదు. అమెరికాలో వ్యర్థజలాన్ని డాఫ్నియాకు బంధువైన సీరియోడాఫ్నియా మీద ఏడు రోజుల పరీక్షకు పెట్టి, విషమని తేలితే నమూనాను ముక్కలుగా విడగొడతారు. ఒక పాత్రలో లోహాలను పట్టేసే ఈడీటీఏ కలుపుతారు. విషం తగ్గితే దోషి లోహం. ఇంకోదానిలో థయోసల్ఫేట్ వేస్తారు, తగ్గితే క్లోరిన్ లాంటివి. మూడోదాన్ని సేంద్రియాలను పీల్చుకునే గొట్టంలోంచి పంపుతారు. మరోదానిలో పీహెచ్ మార్చి చూస్తారు, అమ్మోనియా అయితే బయటపడుతుంది. లక్షల రూపాయల యంత్రాలకు పని పడేముందే గాజు పాత్రలూ డాఫ్నియాలూ సగం దారి చూపిస్తాయి. 1972 నాటి అమెరికా స్వచ్ఛజల చట్టం విషపదార్థాలను విషమయ్యే మోతాదులో వదలడాన్ని నిషేధించాలన్న లక్ష్యం పెట్టుకుంది, 1980లలో దాన్ని పూర్తి వ్యర్థజల పరీక్షల ద్వారా అనుమతి పత్రాల్లోకి తెచ్చారు. జర్మనీ ఇంకో అడుగు వేసింది. బతికున్న చేపల బదులు జీబ్రా చేప గుడ్లను వాడుతుంది, వ్యర్థజలం విషాన్ని బట్టి కంపెనీ చెల్లించే రుసుమూ మారుతుంది. ఆ దేశాల్లో రసాయన, ఔషధ పరిశ్రమలు మూతపడలేదు. కాబట్టి ఈ పరీక్షలు వస్తే ఉద్యోగాలు పోతాయన్న భయానికి ఆధారం లేదు.

శాస్త్రీయంగా ఎక్కువ బరువున్న అభ్యంతరం మరొకటి. డాఫ్నియా మాగ్నా చల్లని దేశాల ప్రాణి, పరీక్ష జరిగేది 20 డిగ్రీల దగ్గర, మన చెరువులు వేసవిలో 30 దాటుతాయి, దాని ఫలితాలు మనకెలా వర్తిస్తాయి? ప్రశ్న సరైనదే. వేడి పెరిగితే ప్రాణి వేగంగా శ్వాసిస్తుంది, వేగంగా వడకడుతుంది, విషం వేగంగా ఒంటికెక్కుతుంది, నీటిలో కరిగిన ప్రాణవాయువేమో తగ్గుతుంది. చాలా విషాలకు మన పరిస్థితులు ఇంకా కఠినం. కాబట్టి 20 డిగ్రీల అంకెలు మనకు ఊరటనిచ్చేవి కావు. మన నీటిలో సహజంగా ఉండే మొయినా మైక్రూరా, సీరియోడాఫ్నియా కార్నూటా, డాఫ్నియా కారినాటా లాంటివి ఉన్నాయి. మొయినాను చేపపిల్లలకు మేతగా పెంచే అనుభవం మన ఆక్వా రంగానికి ఉంది. వీటితో మన ఉష్ణోగ్రతల దగ్గర ప్రామాణిక పద్ధతి తయారు చేయడం ఏ విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర విభాగానికైనా అందే పని. మన కళాశాలల్లో ఇలాంటి ప్రయోగాలు పీహెచ్‌డీల కోసం ఎప్పటినుంచో జరుగుతున్నాయి. ఆ ఫలితాలు సిద్ధాంత గ్రంథాల్లోనే ఉండిపోయి కాలుష్య నియంత్రణ మండలి బల్ల మీదికి రాకపోవడమే బాధ.

ప్రకృతి తట్టుకుంటుంది, డాఫ్నియాలు అలవాటు పడతాయి, గట్టి తొడుగులోని నిద్రగుడ్లు బురదలో దశాబ్దాలుండి మళ్లీ లేస్తాయి అని ఊరడించే వాదన కూడా ఉంది. నిద్రగుడ్ల సంగతి నిజమే, పాత సరస్సుల బురదలోంచి పరిశోధకులు వాటిని పొదిగించి చూశారు. లోహాలకు అలవాటుపడే వంశాలూ ఉన్నాయి. కానీ ఆ బురదలోనే విషం పేరుకుని ఉంటే లేచిన పిల్ల మొదటి రోజే దాన్ని ఎదుర్కోవాలి. అలవాటైన వంశానికి కూడా ఆ ఓర్పు ఉచితంగా రాదు, ఎదుగుదలలోనో సంతానంలోనో మూల్యం చెల్లిస్తుంది. దెబ్బతిన్న చెరువులో జీవం పూర్తిగా మాయమవదు. సున్నితమైనవి పోయి మొండివి మిగులుతాయి, పెద్ద క్రస్టేషియన్ల స్థానంలో కొద్దిరకాల రోటిఫర్లు, అడుగున కైరోనమిడ్‌లు, ట్యుబిఫెక్స్ పురుగులు మాత్రమే విస్తరిస్తాయి. నాచును మేసేవాళ్లు పోతే నాచు ముసురుతుంది, రాత్రిళ్లు ప్రాణవాయువు పడిపోతుంది, తెల్లారేసరికి చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలతాయి. ఆ మరణాలకు కారణం ఆక్సిజన్ లేమి అని నివేదిక రాస్తారు. ఆ లేమికి కారణమైన విషం పేరు ఆ నివేదికలోకి రాదు.

ఇక ద్రవ వ్యర్థాన్ని చుక్క కూడా వదలని పద్ధతి వచ్చింది కదా, పటాన్‌చెరు నీటిని గొట్టంలో అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రానికి పంపుతున్నారు కదా, ఇంకా పరీక్షలెందుకు అంటారు. గొట్టం విషాన్ని తీసేయలేదు, ఇస్కవాగు నుంచి మూసీ వైపు మళ్లించింది. నగరపు మురుగుతో కలిపి పలుచన చేసింది. చుక్క వదలని పద్ధతి నిజాయితీగా నడిచిన చోట మేలే చేస్తుంది. అది నిజంగా నడుస్తోందో లేదో చెప్పగలిగేది కూడా ప్రహరీ బయట చెరువులోని మొయినాయే. వానాకాలం రాత్రుల్లో జరిగే వదలింపులను మర్నాడు పొద్దున తీసే నమూనా పట్టుకోదు. చెరువులో ఉన్న ప్రాణి మాత్రం ఆ రాత్రంతా ఆ నీటిలోనే ఉంటుంది.

విధానాల వైపు చూస్తే జరిగింది నిరాశే. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ బల్క్ డ్రగ్ వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్‌లకు హద్దులు ప్రతిపాదిస్తూ ముసాయిదా ఇచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నియమాల్లో ఆ హద్దులు కనిపించలేదు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ తయారీ వ్యర్థజలాలపై తొలిసారి మార్గదర్శకాలు విడుదల చేసింది. కేంద్రం కదలకపోయినా రాష్ట్రాలకు దారి మూసుకుపోలేదు. కేంద్ర ప్రమాణాల కన్నా కఠినమైన షరతులు పెట్టే అధికారం రాష్ట్ర మండళ్లకు ఉంది. ఔషధ ఎగుమతులతో పేరు తెచ్చుకున్న తెలంగాణ, పరవాడ నుంచి నాయుడుపేట దాకా తీరం వెంట పరిశ్రమలు విస్తరిస్తున్న ఆంధ్రప్రదేశ్ ఈ పనిలో ముందుండాలి. ప్రతి ఉమ్మడి శుద్ధి కేంద్రానికీ, ప్రతి బల్క్ డ్రగ్ యూనిట్‌కూ ఇచ్చే నిర్వహణ అనుమతిలో మూడు అంచెల జీవపరీక్షను షరతుగా చేర్చాలి. అందులో 21 రోజుల సంతాన పరీక్ష ఏడాదికి కొన్నిసార్లయినా ఉండాలి. పలుచనకు ఆ వాగు ఎండాకాలపు నీటినే వాడాలి. ఫలితాలు అందరికీ కనబడేచోట పెట్టాలి.

చదువరులకు ఒక మనవి. మీ ప్రాంతంలో కొత్త పరిశ్రమకో విస్తరణకో ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే బీఓడీ, సీఓడీ అంకెలు విని ఊరుకోకండి. ఈ వ్యర్థజలాన్ని డాఫ్నియా మీద, శైవలం మీద పరీక్షించారా, ఎంత పలుచన చేస్తే అవి బతికి పిల్లల్ని కన్నాయి, ఆ నివేదిక ఏదీ అని అడగండి. అడిగిన ప్రశ్న సమావేశపు నమోదులో చేరేలా చూడండి. జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టి మండలిని అడగండి.